109వ సంపుటంలో రెండు పత్రాలు

బెంగళూరులో ఒక పరిశోధనా సంస్థ గ్రంథాలయంలో నేను 20 ఏళ్లకు పైగా పని చేస్తున్నాను. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం ఇప్పుడు ఆ పనిలో చాలా చిన్న భాగం. పదోన్నతి దరఖాస్తు వచ్చినా, పురస్కారానికి ఎవరినైనా సిఫారసు చేయాలన్నా, ఫలానా శాస్త్రవేత్త రాసిన పత్రాలు ఎన్ని, వాటిని ఎన్ని పత్రాలలో పేర్కొన్నారు (వీటినే సైటేషన్లు అంటాం), హెచ్-ఇండెక్స్ ఎంత అన్న లెక్క తీసి, సంతకం చేసి పంపవలసినది నేనే. ఆ లెక్కల గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం మా అక్క కూతురు. ఆమె ఈ ఊళ్లోనే కణభౌతిక శాస్త్రంలో, పదార్థాన్ని దాదాపు తాకకుండా దూసుకుపోయే న్యూట్రినోలనే సూక్ష్మ కణాల మీద, పరిశోధన చేస్తోంది. మొన్న ఒక ఆదివారం మల్లేశ్వరంలోని మా ఇంటికి భోజనానికి వచ్చి, అన్నంలో గోంగూర పచ్చడి కలుపుకుంటూ, "మామయ్యా, సుదర్శన్ గారి సైటేషన్లు చూశాను. ఆయన చేసిన పనికీ ఆ అంకెలకీ పొంతన కుదరడం లేదు. మీరు ఒకసారి చూస్తారా?" అని అడిగింది. సోమవారం పొద్దున్న చూడడం మొదలుపెట్టిన నేను ఆ వారమంతా దాని మీదే ఉన్నాను.

సైద్ధాంతిక భౌతిక శాస్త్రవేత్త ఇ. సి. జి. సుదర్శన్ 1931 సెప్టెంబరు 16న కేరళలో కొట్టాయం దగ్గరి పల్లంలో పుట్టారు. మద్రాస్ క్రిస్టియన్ కళాశాలలో చదువుకుని, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో కొంతకాలం పనిచేసి, 1950ల మధ్యలో అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ మార్షాక్ దగ్గర పరిశోధక విద్యార్థిగా చేరారు. ఆ తరువాత హార్వర్డ్, మళ్లీ రాచెస్టర్, సిరక్యూజ్, 1969 నుంచి ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం. అయినా మన దక్షిణాది నగరాలతో ఆయన బంధం తెగిపోలేదు. 1970లలో ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సైద్ధాంతిక అధ్యయనాల కేంద్రం ఆయన చేతుల మీద రూపుదిద్దుకుంది. 1980లలో చెన్నై తరమణిలోని గణిత శాస్త్రాల సంస్థకు ఆయన డైరెక్టరుగా ఉన్నారు. ఆ సంస్థను 1962లో నెలకొల్పిన అల్లాడి రామకృష్ణన్ మన నెల్లూరు జిల్లా మూలాలున్న కుటుంబం వారు, రాజ్యాంగ ముసాయిదా సంఘ సభ్యులు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కుమారుడు అన్న సంగతి తెలుగువారిలోనే చాలామందికి తెలియదు కనుక ఇక్కడ చెబుతున్నాను. సుదర్శన్ గారికి 2007లో పద్మవిభూషణ్, 2010లో డిరాక్ పతకం వచ్చాయి. 2018 మే నెలలో ఆయన కన్నుమూశారు.

కణభౌతిక శాస్త్రం వారు సైటేషన్ల కోసం ముందుగా చూసేది ఇన్‌స్పైర్ అనే డేటాబేసు. స్టాన్‌ఫర్డ్‌లోని స్లాక్ ప్రయోగశాలలో పుట్టిన స్పైర్స్ అనే పాత వ్యవస్థకు ఇది వారసురాలు. ఒక శాస్త్రవేత్త పేరు కొడితే ఆయన పత్రాలను సైటేషన్ల సంఖ్యను బట్టి మెట్లుగా విడదీసి చూపిస్తుంది: 500 దాటినవి ఒక మెట్టు, 250 నుంచి 499 వరకు ఇంకొకటి, అలా దిగుతూ ఒక్కటి కూడా లేనివాటి వరకు. పక్కనే హెచ్-ఇండెక్స్ ఉంటుంది. ఇది భౌతిక శాస్త్రవేత్త హోర్హె హిర్ష్ 2005లో ప్రతిపాదించిన కొలత. కనీసం 40 సైటేషన్లు చొప్పున ఉన్న పత్రాలు 40 ఉంటే హెచ్ విలువ 40. చూడడానికి ఇంత శుభ్రంగా ఉండే పట్టిక వెనుక జరిగే పని మాత్రం పూర్తిగా అక్షరాల మీద ఆధారపడినది. కొత్త పత్రం చివర ఉన్న రిఫరెన్సుల జాబితాను యంత్రం చదివి, వేరే గుర్తింపు సంఖ్య ఏదీ లేని పాత పత్రాల విషయంలో జర్నల్ పేరు, సంపుటం, పుట సంఖ్య అనే మూడింటినీ పట్టుకుని ముడివేస్తుంది. ఆ మూడింటిలో ఏది తప్పినా ముడి పడకపోవచ్చు. సుదర్శన్ గారి కథలో మొదటి చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది.

1957 నాటికి బీటా క్షయం భౌతిక శాస్త్రవేత్తలకు పెద్ద తలనొప్పిగా ఉండేది. న్యూట్రాన్ ప్రోటానుగా మారుతూ ఎలక్ట్రానునూ ప్రతిన్యూట్రినోనూ వెలువరించే ఈ ప్రక్రియను నడిపించే బలహీన బలానికి స్కేలార్, వెక్టర్, టెన్సర్, యాక్సియల్ వెక్టర్, సూడోస్కేలార్ అని అయిదు గణిత రూపాలు సాధ్యం. ఏ ప్రయోగాన్ని నమ్మితే ఆ రూపం సరైనదని తోచేది. 1956లో లీ, యాంగ్ లేవనెత్తిన సందేహాన్ని 1957 మొదట్లో వూ ప్రయోగం నిజమని తేల్చి, బలహీన బలానికి కుడి ఎడమల తేడా ఉందని రుజువు చేసేసరికి, గందరగోళం ఇంకా పెరిగింది. అప్పటికి ఇంకా పాతికేళ్ల విద్యార్థి అయిన సుదర్శన్ అందుబాటులో ఉన్న ప్రయోగ ఫలితాలన్నిటినీ ముందు పెట్టుకుని, బలహీన ప్రక్రియలన్నిటికీ ఒకే రూపం ఉండాలంటే అది వెక్టర్ నుంచి యాక్సియల్ వెక్టర్‌ను తీసివేసిన రూపమే, అంటే వి మైనస్ ఎ, కావాలని తేల్చారు. దానికి ఎదురు నిలిచిన ప్రయోగాలు నాలుగు: హీలియం-6 క్షయంలో ఎలక్ట్రాన్, న్యూట్రినోల మధ్య కోణాన్ని కొలిచినది, మ్యుయాన్ క్షయంలో వెలువడే ఎలక్ట్రాన్ ధ్రువణ దిశను చూసినది, పయాన్ నేరుగా ఎలక్ట్రానుగా క్షయం కావడాన్ని వెతికినది, ధ్రువీకరించిన న్యూట్రాన్ల క్షయంలో అసౌష్ఠవాన్ని కొలిచినది. ఆ నాలుగింటినీ మళ్లీ చేసి చూడాలని గురుశిష్యులిద్దరూ రాశారు. పేరున్న ప్రయోగశాలల ఫలితాలు తప్పయి ఉండాలని సిద్ధాంత బలంతో చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించండి. మళ్లీ చేశారు, అవే తప్పని తేలాయి. పయాన్ క్షయాన్ని 1958లో జెనీవా దగ్గరి ఐరోపా కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లో కళ్లారా చూశారు.

అయితే ఆ ఫలితం లోకానికి అందిన తీరు వేరు. 1957 ఏప్రిల్‌లో రాచెస్టర్‌లోనే జరిగిన సదస్సులో, ఇంకా విద్యార్థి కావడం వల్ల, సుదర్శన్‌కు దానిని చెప్పే అవకాశం రాలేదు. ఆ వేసవిలో కాలిఫోర్నియాలో గురుశిష్యులు తమ ఫలితాన్ని భౌతిక శాస్త్రవేత్త మర్రే గెల్‌మన్‌కు వివరించారు. సెప్టెంబరులో ఇటలీలోని పాదువా, వెనిస్ నగరాలలో జరిగిన సదస్సులో మార్షాక్ పత్రం సమర్పించారు. అది ఆ సదస్సు ప్రసంగాల సంకలనంలో అచ్చయింది. అదే నెల 16న, సుదర్శన్‌కు 26 ఏళ్లు నిండిన రోజున, రిచర్డ్ ఫైన్మన్, గెల్‌మన్ కలిసి ఇదే రూపాన్ని ప్రతిపాదిస్తూ రాసిన పత్రం ఫిజికల్ రివ్యూ కార్యాలయానికి చేరి, 1958 జనవరి 1 సంచికలో వెలువడింది. సదస్సు సంకలనం కొద్ది గ్రంథాలయాలకే చేరింది. ఫిజికల్ రివ్యూ ప్రపంచమంతటా ప్రతి భౌతిక శాస్త్ర విభాగం బల్ల మీదా ఉండేది. సుదర్శన్, మార్షాక్ ఒక చిన్న లేఖను అదే జర్నల్‌కు పంపగా అది మార్చి సంచికలో అచ్చయింది.

మంగళవారం మధ్యాహ్నం నేను నేలమాళిగలోని స్టాక్ రూముకు వెళ్లాను. ఇప్పుడు అక్కడికి దిగేవారు చాలా తక్కువ. చక్రం తిప్పితే ఇనుప బీరువాలు పక్కకు జరుగుతాయి, తలుపు తీయగానే నాఫ్తలీన్ ఉండల వాసన వస్తుంది. ఫిజికల్ రివ్యూ 109వ సంపుటాన్ని మావాళ్లు ఏనాడో రెండు భాగాలుగా, ముదురు ఎరుపు రెక్సిన్‌తో బైండు చేయించారు. 193వ పుటలో ఫైన్మన్, గెల్‌మన్‌ల పత్రం మొదలవుతుంది. 1860వ పుటలో సుదర్శన్, మార్షాక్‌ల లేఖ ఉంది. మొదటి భాగంలో ఆ పత్రం ఉన్న పుటల అంచులు చేతి చెమటకు గోధుమరంగు తిరిగి, మూలలు అరిగిపోయి ఉన్నాయి. మార్జిన్లలో రెండు మూడు రకాల పెన్సిలు రాతలున్నాయి. రెండో భాగంలో లేఖ ఉన్న పుటలు తెల్లగా, ఈ మధ్యనే బైండు విప్పినట్టు ఉన్నాయి. ఏ డేటాబేసూ అక్కరలేకుండా, మా ఒక్క గ్రంథాలయంలో 60 ఏళ్లపాటు ఎవరు దేన్ని చదివారో ఆ కాగితమే చెబుతోంది. రెండు భాగాలనూ బల్ల మీద పక్కపక్కన తెరిచి పెట్టి చాలాసేపు చూశాను.

ఫైన్మన్, గెల్‌మన్‌ల పత్రం గొప్పది కాదని ఎవరూ అనలేరు, నేను అనడమూ లేదు. వి మైనస్ ఎ రూపంతో పాటు వెక్టర్ ప్రవాహం నిత్యత్వం అనే లోతైన ఆలోచన కూడా అందులో ఉంది. దాని సైటేషన్లలో చాలా భాగం న్యాయంగా దానికే చెందుతాయి. నా దృష్టిని పట్టి నిలిపినది ఆ పత్రం చివరి కృతజ్ఞతల పేరా. మార్షాక్, సుదర్శన్‌లతో జరిపిన విలువైన చర్చలకు వారికి కృతజ్ఞతలని గెల్‌మన్ పేరిట అక్కడ స్పష్టంగా ఒక వాక్యం ఉంది. మానవ సంబంధాల లెక్కలో అది అప్పు ఒప్పుకోవడమే. కానీ డేటాబేసు కృతజ్ఞతలను లెక్కించదు. రిఫరెన్సుల జాబితాలో చేరినదే దానికి కనిపిస్తుంది. పాదువా సదస్సు ప్రసంగం అప్పటికి అచ్చు కాలేదు కనుక, పేర్కొనడానికి సంపుటమూ లేదు, పుటా లేదు. ఆ వాక్యం మామూలు పేరాలో పడి ఉండే బదులు, రెండు అంగుళాల కింద చిన్న అక్షరాల రిఫరెన్సు సంఖ్యగా మారి ఉంటే ఎంత తేడా వచ్చేదో, రోజూ ఈ ముడులు వేసే నాకు బాగా తెలుసు.

తరువాతి వారు సుదర్శన్, మార్షాక్‌ల పనిని పేర్కొనకపోలేదు. కాకపోతే కొందరు సదస్సు సంకలనాన్ని, కొందరు 1958 లేఖను, మరికొందరు తరువాతి ఏళ్లలో ఒక సంకలనంలో వచ్చిన పునర్ముద్రణను పేర్కొన్నారు. సదస్సు పేరును ఒకరు రాసినట్టు ఇంకొకరు రాయలేదు. ఒకే పని సైటేషన్లు మూడు పాయలుగా చీలి, వాటిలో కొన్ని ఏ పాయలోనూ కలవకుండా ఇంకిపోయాయి. అన్నిటికీ మించి, 1970లు వచ్చేసరికి వి మైనస్ ఎ పాఠ్యపుస్తకంలోకి వెళ్లిపోయింది. పాఠ్యపుస్తకంలోకి వెళ్లినదాన్ని ఎవరూ పేర్కొనరు. గురుత్వాకర్షణ గురించి రాసే ప్రతివాడూ న్యూటన్ గ్రంథం పుట సంఖ్య ఇవ్వడు కదా. ఒక ఆవిష్కరణ అందరి సొత్తు అయ్యేకొద్దీ దాని సైటేషన్ల రేఖ కిందికి దిగుతుంది, ఆ దిగడం చూసి పని పాతబడిందనుకునేవారు పొరపాటు పడతారు. 1963లో ఫైన్మన్ స్వయంగా, ఈ సిద్ధాంతాన్ని కనుగొన్నది సుదర్శన్, మార్షాక్‌లనీ, ప్రచారంలోకి తెచ్చింది తానూ గెల్‌మన్ అనీ బహిరంగంగా చెప్పారు. బలహీన, విద్యుదయస్కాంత బలాలను ఏకం చేసినందుకు నోబెల్ పొందిన స్టీవెన్ వైన్‌బర్గ్ ఆ మార్గానికి తాళంచెవి వి మైనస్ ఎ అని ఒక ప్రసంగానికి పేరే పెట్టారు. ఈ రెండు మాటలూ ఏ పట్టికలోనూ అంకెలుగా చేరవు.

వైన్‌బర్గ్ పేరు వచ్చింది కనుక ఒక మాట. ఎలక్ట్రాను, న్యూట్రినో లాంటి కణాలైన లెప్టాన్ల మీద ఆయన 1967లో రాసిన మూడు పుటల లోపు పత్రం కణభౌతిక శాస్త్రంలోనే అత్యధికంగా పేర్కొన్నవాటిలో ఒకటి. అది వెలువడిన తొలి మూడు నాలుగేళ్లలో దాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. 1971లో హూఫ్ట్ ఆ రకం సిద్ధాంతాల గణితం నిలుస్తుందని నిరూపించాకే సైటేషన్లు కట్టలు తెంచుకున్నాయి. 1970లో ఏ పదోన్నతి సంఘమైనా ఆ పత్రం లెక్క అడిగి ఉంటే నాలాంటివాడు దాదాపు సున్నా రాసి సంతకం చేసి ఇచ్చేవాడు.

సుదర్శన్ గారి విషయంలో రెండో చిక్కు ఇంకా విశాలమైనది: ఆయన ఒక్క రంగంలో ఉండలేదు. 1963లో కాంతి క్వాంటం స్థితులను సంబద్ధ స్థితుల సహాయంతో వికర్ణ రూపంలో రాయవచ్చని చూపే మూడు పుటల పత్రం ఆయన ప్రచురించారు. లేజర్ కాంతిని అర్థం చేసుకోవడానికి అది పునాది. అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాయ్ గ్లౌబర్ పేరు కూడా కలిపి దానిని గ్లౌబర్-సుదర్శన్ రూపమని పిలుస్తారు. 2005లో నోబెల్ బహుమతిలో సగం గ్లౌబర్‌కు వచ్చింది, సుదర్శన్‌కు రాలేదు, అందుకు ఆయన నోబెల్ సంఘానికి రాసి తన బాధను దాచుకోకుండా చెప్పారు. నా పనికి సంబంధించిన సంగతి ఏమిటంటే, ఇన్‌స్పైర్ తన సేకరణలో ఉన్న పత్రాలు చేసిన సైటేషన్లనే లెక్కిస్తుంది, ఆ సేకరణ ప్రధానంగా కణభౌతిక శాస్త్రానిది. ఆప్టిక్స్ జర్నళ్లలో ఆ పత్రాన్ని పేర్కొన్న వందలాది పత్రాలలో చాలా వాటికి ఆ గుమ్మంలో ప్రవేశం లేదు. మా అక్క కూతురు చూసి ఆశ్చర్యపోయిన అంకె ఇదే. అన్ని రంగాలనూ కలిపి చూసే డేటాబేసులో అదే పత్రం ఆయన పేరిట పై వరుసలో నిలుస్తుంది.

మాటిమాటికీ గమనిస్తూ ఉంటే క్వాంటం వ్యవస్థ మారకుండా నిలిచిపోతుందని చెప్పే, 1977లో బైద్యనాథ్ మిశ్రాతో రాసిన క్వాంటం జీనో పత్రం, అంతకు ముందు ఏడాది గొరీని, కొసకోవ్‌స్కీలతో కలిసి పరిసరాలతో ముడిపడిన క్వాంటం వ్యవస్థల పరిణామం మీద రాసిన పత్రం కూడా ఇలాగే వేరే ఇళ్లకు వెళ్లిపోయిన పిల్లలు. రెండోదాని ఫలితాన్ని అదే ఏడాది లిండ్‌బ్లాడ్ విడిగా సాధించారు. క్వాంటం కంప్యూటర్ల వాళ్లు ఈ రోజు తమ యంత్రాలలో దోషాలు ఎలా చొరబడతాయో లెక్కకట్టడానికి వాడే సమీకరణం అదే, కానీ చాలామంది దాన్ని క్లుప్తంగా లిండ్‌బ్లాడ్ సమీకరణమనే అంటారు. ఆ ఆలోచనకు బీజం 1961లో మాథ్యూస్, రావ్‌లతో కలిసి సుదర్శన్ రాసిన పత్రంలో ఉంది. క్వాంటం సమాచార శాస్త్రం పుట్టి పెరిగే వరకు దశాబ్దాల పాటు అది నిశ్శబ్దంగా పడి ఉంది. ఒకే మనిషి 26 ఏళ్లకు ఒక రంగంలో, 31 ఏళ్లకు మరొక రంగంలో, 45 ఏళ్లకు ఇంకొక రంగంలో పునాదిరాయి వేస్తే, ఏ ఒక్క రంగం పట్టిక తీసినా ఆయన మూడోవంతే కనిపిస్తారు.

ఇది ఒక్క సుదర్శన్ గారి సంగతే కాదు. మాకు తూర్పున, తెలుగు మాటలు వీధి వీధినా వినిపించే కోలార్ బంగారు గనుల్లో, 1965లో ప్రపంచంలోనే తొలిసారిగా వాతావరణ న్యూట్రినోలను, అంటే విశ్వకిరణాలు గాలిపొరను తాకినప్పుడు పుట్టే న్యూట్రినోలను, గుర్తించి ప్రకటించారు. భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతున పెట్టిన పరికరాలతో టాటా సంస్థ, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డర్హం శాస్త్రవేత్తలు కలిసి చేసిన పని అది. దక్షిణాఫ్రికా బంగారు గనిలో అదే పని చేస్తున్న అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడరిక్ రైన్స్ బృందం పత్రం కూడా ఆ ఆగస్టులోనే, కోలార్ పత్రం వెలువడిన రెండు వారాలకు వచ్చింది. కోలార్ పత్రంలో మేనన్, నరసింహం, రమణమూర్తి, శ్రీకంఠన్ ఉన్నారు, అయినా దాన్ని అందరూ "ఆచార్ తదితరులు" అని పేర్కొంటారు, ఎందుకంటే కణభౌతిక శాస్త్రంలో రచయితల పేర్లను సాధారణంగా అక్షరక్రమంలో ఇస్తారు. మొదటి పేరు అంటే ఎక్కువ పని చేసినవారని అనుకునే ఇతర శాఖల వారికి ఇది ప్రతిసారీ వివరించవలసి వస్తుంది. 2015లో హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద సెర్న్‌లోని రెండు బృందాలు కలిసి వేసిన పత్రానికి రచయితలు 5,154 మంది. 33 పుటల్లో 24 పుటలు పేర్లకూ సంస్థలకూ పోయాయి. దాని సైటేషన్లు ఆ 5,154 మంది ఖాతాల్లోనూ సమానంగా పడతాయి.

పేర్ల సంగతి మా తెలుగువారికి మరీ కష్టం. ఇంటిపేరు ముందు, ఇచ్చిన పేరు తరువాత రాసే మన పద్ధతిని యంత్రం అర్థం చేసుకోదు. రమణమూర్తి అన్న ఒకే పేరు ఒకచోట రమణ మూర్తిగా, మరొకచోట వట్టి మూర్తిగా మారుతుంది. మా అక్క కూతురి పేరు మొదటి పత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంతో, రెండోదానిలో పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటిపేరు చివర, మూడోదానిలో నాన్న పేరుతో కలిపి పడింది. ఫలితంగా ఇన్‌స్పైర్‌లో ఆమె ముగ్గురు మనుషులైంది. కిందటి ఏడాది ఒక ఎంపిక సంఘం ఆ ముగ్గురిలో ఒకరినే లెక్కలోకి తీసుకుంది. ఆ రోజు ఫోనులో ఆమె గొంతు విన్నాక నేను రెండు రోజులు సరిగా అన్నం తినలేకపోయాను. శుక్రవారం సాయంత్రం ఆమె గ్రంథాలయానికి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని, పరిశోధకులకు ఒక్కొక్కరికీ విడిగా ఇచ్చే ఆర్కిడ్ (ORCID) గుర్తింపు సంఖ్య తీసుకుని, మూడు ప్రొఫైళ్లనూ ఒకటిగా కలపమని అభ్యర్థన పంపాం.

ఆ పని అయ్యాక ఆమెను నేలమాళిగకు తీసుకువెళ్లి 109వ సంపుటం రెండు భాగాలూ చూపించాను. కృతజ్ఞతల వాక్యాన్ని ఆమె వేలు పెట్టి రెండుసార్లు చదివింది. తరువాత సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి, అక్కడే ఇనుప బీరువాల మధ్య నిలబడి, తన సిద్ధాంత గ్రంథం మొదటి అధ్యాయం తెరిచింది. బలహీన బలం గురించిన మొదటి వాక్యానికి ఆమె ఒక్క రిఫరెన్సే ఇచ్చింది: 109, 193. "మామయ్యా, సదస్సు సంకలనానికి పుట సంఖ్య ఏమిటి?" అని అడిగింది. పైకి వచ్చి వెతికి ఇచ్చాను. ఇప్పుడు అక్కడ మూడు ఉన్నాయి, లోకం ముందుకు వచ్చిన తేదీల వరుసలో, పాదువా ప్రసంగం మొదట.